నీ మొక్క క్షేమం

చిరంజీవి అమ్మాయికి అమ్మ దీవించి రాస్తున్నది.

చిరంజీవి పక్కన సౌభాగ్యవతి అని కూడా రాయబోయి ఆపుకున్నాను. అలవాటైన మాట కదా, మూడేళ్లయినా కలం అటువైపే వెళ్తోంది. మీ ఆయన వెళ్లిపోయిన సంగతి చేతికేం తెలుసు పాపం.

ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే ఈ రెండు గదుల ఇంట్లో అందరు లేరు. నేను, నీ కూతురు గువ్వ, నా కుట్టుమిషను, కిటికీలో నీ మొక్క. నలుగురం ఉన్నాం. నువ్వు అక్కడ బాగున్నావనే అనుకుంటున్నాను. బాగోకపోయినా నువ్వు రాయవు, చిన్నప్పటి నుంచీ నీకు బడాయి ఎక్కువ.

నీ ఉత్తరం పోయిన వారం మంగళవారం అందింది. కళ్లద్దాల ఫ్యాక్టరీ వాళ్లు నీకు హాస్టలు తీసేసి క్వార్టరు ఇచ్చారనీ, పక్క వీధిలోనే పిల్లల్ని చూసుకునే చోటుందనీ, ఇరవై రెండో తారీఖున వచ్చి గువ్వను తీసుకెళ్తాననీ రాశావు. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివి మిషను ముందు కూర్చుని యూనిఫాం చొక్కాకు జేబు తలకిందులుగా కుట్టేశాను. విప్పడానికి అరగంట పట్టింది. ఉత్తరంలో ఎనిమిది ప్రశ్నలు అడిగావు, అందులో అయిదు మొక్క గురించి. సరే, అడిగిన వాటికి జవాబు చెప్పాలి కదా.

ఆకులు పండిపోతున్నాయా అన్నావు. లేదు. వేసవిలో ఒకసారి అంచులు మాడాయి, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఇప్పుడు మాత్రం అంచులకు రంపపు పళ్లు పెట్టుకుని, పెయింటు డబ్బా నిండా ఉబ్బి కూర్చుంది. చూడ్డానికి పుదీనాకు అక్కలా ఉంటుంది, నలిపితే నిమ్మకాయ వాసన కొడుతుంది. లెమన్ బామ్ అనాలని నువ్వు వందసార్లు చెప్పావు. నా చెవికి అది తలనొప్పి మందు పేరులా వినిపిస్తుంది, అందుకే నేను నిమ్మపుదీనా అనే అంటున్నాను. నీళ్లు నువ్వు చెప్పినట్టే పోస్తున్నాను. మొదలు బాగా గుబురు కట్టింది, వానలు పడగానే రెండుగా చీల్చి మట్టి మార్చాను. చీల్చిన సగం కింద కాంపౌండరు గారి భార్యకు ఇచ్చాను. ఆవిడ దాంతో టీ కాచుకుని, మనసుకు హాయిగా ఉంది పిన్నిగారూ అంటుంది. ఆవిడకు హాయి కాక మరేముంటుంది.

నువ్వు గోడకు అంటించిన అట్టముక్క ఇంకా అలాగే ఉంది. వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి, తడి తగలకపోతేనే నీళ్లు పోయాలి. పొద్దుటి ఎండ తగలాలి. మధ్యాహ్నం ఎండ తగలకూడదు. డబ్బా అడుగున చిల్లులు మూసుకుపోకుండా చూడాలి. మొగ్గ కనిపిస్తే గిల్లెయ్యాలి, పూస్తే ఆకులో వాసన తగ్గుతుంది. ఇలా పది సూచనలు మొక్కకు. నువ్వు బస్సెక్కే రోజు పొద్దున్న అది అంటిస్తుంటే ఏడాదీ మూడు నెలల గువ్వ నీ కాళ్లు పట్టుకుని నిలబడి ఉంది. దానికేం రాస్తావో అని చూశాను. పదకొండోది రాశావు: "మధ్యాహ్నం పడుకోబెట్టేటప్పుడు రెండాకులు నలిపి దిండు గలీబులో పెట్టాలి." అంతే. ఏం తినిపించాలి, జ్వరమొస్తే ఏం చెయ్యాలి, ఏడిస్తే ఎలా ఊరుకోబెట్టాలి, ఒక్క ముక్క లేదు. అవన్నీ అమ్మకు తెలుసులే అనుకున్నావు. తెలుసు మరి, ఎందుకు తెలియదు.

గువ్వ తింటోందా అన్నావు. తింటోంది. మధ్యలో ఆకలి మందగిస్తే కాంపౌండరు గారిచ్చిన టానిక్ పట్టాను. దాని ముందు కాకరకాయ కూడా బెల్లమే. పొడుగైంది, గౌన్లన్నిటికీ అంచులు విప్పి వదిలాను. మాటలు గలగలా వచ్చేస్తున్నాయి. బొత్తాలన్నీ రంగుల ప్రకారం ఏరి డబ్బాల్లో వేస్తుంది, పొరపాటున నేను కలిపేస్తే నన్ను తిడుతుంది. నేను మిషను తొక్కుతుంటే కింద దూరి ఇనపకాలు పట్టుకుని కూర్చుంటుంది. మిషను నూనె వాసనంటే దానికి పిచ్చి. నూనె వేసిన రోజు నా వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని గానీ నిద్రపోదు.

"నన్ను అడుగుతోందా అమ్మా" అని చిట్టచివర, కాగితం అంచున, చీమల్లాంటి అక్షరాలతో రాశావు. దానికి జవాబు నేనూ చివర్లోనే రాస్తాను.

నువ్వొస్తున్నావని తెలిసి కాంపౌండరు గారి భార్య పైకి వచ్చింది. "తల్లి తీసుకెళ్లిపోతుందటగా! ఇన్నాళ్లు పెంచారు, పిల్ల లేకపోతే మీకు పిచ్చెక్కిపోదూ?" అంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా" అన్నాను. ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది. ఆవిడ అన్నది నిజమే, అందుకే అంత కోపం వచ్చింది.

నీకు ఒక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నిన్ను కన్న మూడు నెలలకే నేను బట్టల ఫ్యాక్టరీలో మిషను మీదకు వెళ్లాను. నిన్ను మా అత్తగారు పెంచింది. సాయంత్రం నేను ఇంటికొచ్చి చేతులు చాస్తే నువ్వు మీ నాయనమ్మ భుజంలో మొహం దాచుకునేదానివి. ఆవిడ ముసిముసిగా నవ్వుకుంటూ, "దానికి నువ్వు కొత్తమ్మా, అలవాటవుతుందిలే" అనేది. నాకు అలవాటు కాకుండానే నువ్వు పెద్దదానివైపోయావు. ఆవిడ పోయినప్పుడు నువ్వు ఏడ్చిన ఏడుపు నాకు గుర్తుంది. నేను పోతే అందులో సగమైనా ఏడుస్తావా అని ఆ రోజే లెక్కేసుకున్నాను. అలాంటి నా ఒళ్లో గువ్వను పెట్టి వెళ్లావు. ఈసారి పిల్ల నాది అనుకున్నాను. ఇందులో తప్పేముంది? కడుపున మోసినవాళ్లకు ఒక హక్కుంటే, ముక్కు తుడిచినవాళ్లకు ఇంకో హక్కుండదా?

మొదటి ఏడాది నీ పదకొండో సూచన మాట తప్పకుండా పాటించాను. రెండాకులు నలిపి గలీబులో పెట్టేదాన్ని. అది కడుపులో ఉన్నప్పుడు నీకు వేవిళ్లకు ఆ ఆకే దిక్కు, పుట్టాక నీ తలకు రుద్దుకునేది ఆ ఆకే. నువ్వు వెళ్తూ ఒక కొమ్మ తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లావు. "అక్కడ నేను తలకు రాసుకుంటాను, ఇక్కడ నువ్వు దిండులో పెట్టు, ముక్కు నన్ను మరిచిపోదు" అన్నావు. నీ తెలివికి లోపల నవ్వుకున్నాను. ఏడాది తర్వాత నాలుగు రోజుల సెలవు మీద వచ్చావు చూడు, అప్పుడు నవ్వు రాలేదు. గుమ్మంలో నిన్ను చూసి గువ్వ నా వెనక దాక్కుంది. హమ్మయ్య అనుకున్నాను. నువ్వు వంగి జుట్టు ముందుకు వేసుకున్నావు. అది ఒక్కసారి వాసన చూసింది, నా కొంగు వదిలేసింది, నీ మెడ పట్టుకుంది. నాలుగు రోజులు నా వైపు తిరిగి చూడలేదు. అన్నం కలిపి నేను తెస్తే "అమ్మ" అని నీ వైపు చూపించింది. ఏడాది పాటు పొద్దున లేస్తే ఎత్తింది నేను. ఎవరిదో జుట్టు వాసనకు నన్ను పాత చీపురులా మూలన పెట్టింది.

నువ్వు బస్సెక్కిన మర్నాడే మొక్క పని పట్టాను. డబ్బాను డాబా మీదకు ఎక్కించి, మండే ఎండలో, చుక్క నీళ్లు లేకుండా తొమ్మిది రోజులు వదిలేశాను. అంచులు మాడాయని పైన రాశానే, అదీ సంగతి. పదో రోజు దాన్ని మొక్కల షాపాయన దగ్గరకు తీసుకెళ్లాను, చచ్చిందని ఇంకొకరి నోట వినాలని.

"పారెయ్యమంటారా?" అన్నాను.

"పారెయ్యడమేంటమ్మా, మొదలు బతికే ఉంది. మట్టికి నాలుగు వేళ్ల ఎత్తున మొత్తం కోసేసి నీడన పెట్టండి. దీన్ని ఎంత నరికితే అంత గుబురొస్తుంది. నేలలో గానీ పెట్టారా, ఇక ఇల్లు మీరే ఖాళీ చెయ్యాలి!"

"మరి చచ్చేదెట్లా?"

"ఏంటమ్మా, చంపుదామనా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కోసి నీడన పెట్టాను. పదిహేను రోజుల్లో నన్ను వెక్కిరిస్తున్నట్టు చిగుళ్లు వేసింది. తీసి చెత్తలో వెయ్యొచ్చు కదా అంటావు. వేస్తే నువ్వు ఇంకో కొమ్మ పంపుతావు. అదీ వేశాననుకో, నీ జుట్టులో ఉన్నదాన్ని ఏం చెయ్యను? అప్పటి నుంచి ఆ మొక్కకు నీళ్లు పోస్తూనే దాన్ని చూస్తే ఒళ్లు మండేది.

దారి దానంతట అదే దొరికింది. అయిదు నెలల క్రితం గువ్వకు చెవిపోటు వచ్చింది. కాంపౌండరు గారు చెవిలో చుక్కలు వెయ్యమన్నారు. ఆ మధ్యాహ్నం అలవాటు కొద్దీ దిండులోకి ఆకులు నలిపి, చేతులు కడుక్కోకుండానే చుక్కలు వేశాను. పిల్ల కెవ్వున అరిచింది. మర్నాడు నేను ఆకు నలిపానో లేదో, రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుంది. సీసా ఇంకా అలమరలోంచి తియ్యనే లేదు. ఉత్త ఆకు వాసనకే మూసుకుంది. నేను ఆకులు చేతిలో పట్టుకుని మంచం మీద అలా కూర్చుండిపోయాను. నాకు అర్థమైంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, నీ కిటికీ మొక్క నాకు బాగానే పనికొచ్చింది.

చెవి తగ్గాక కూడా ఇంకో వారం చుక్కలు వేశాను. ఆకు దాని ముక్కు దగ్గర నలిపి, అప్పుడు వేశాను. ఆ తర్వాత టానిక్. ఆకు నలపడం, ముక్కు మూయడం, చెంచా నోట్లో పెట్టడం. చిక్కు తియ్యాలంటే ముందు ఆకు. గోళ్లు కత్తిరించాలంటే ముందు ఆకు. బడికి చేర్చడానికి సూది వేయించాల్సి వస్తే, కాంపౌండరు గారి గదిలోకి గుప్పెడు ఆకులు కొంగున కట్టుకుని వెళ్లాను. "ఇది ఎవరి వాసన?" అని అడిగేదాన్ని. "అమ్మ" అనేది, ఏడుస్తూ. అనిపించేదాకా వదిలేదాన్ని కాదు. అంతా అయ్యాక చేతులు బట్టల సబ్బుతో కడిగి, వేళ్లకు ఒక చుక్క మిషను నూనె రాసుకుని, ఎత్తుకుని జోకొట్టేదాన్ని. ఏడుపు నీ వంతు, ఊరడింపు నా వంతు. గలీబులో ఆకులు పెట్టడం మాత్రం మానేశాను, నిద్ర సుఖం కదా, అది నీకెందుకివ్వాలి? నాకు జాలి వెయ్యలేదా అని అడగకు. వేసింది. వేసినా చేశాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. నిన్ను అడుగుతోందా అంటే, అడుగుతోంది. రోజూ నిద్ర లేవగానే అడుగుతుంది. "అమ్మమ్మా, ఇవాళ అమ్మ వస్తుందా?" అంటుంది. రాదులే అంటే అప్పుడు మంచం దిగుతుంది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఈ ఉత్తరం నీకు వచ్చేది కాదు. మొక్క క్షేమం, పాప క్షేమం అని నాలుగు ముక్కలు రాసి పడేసేదాన్ని. ఇరవై రెండో తారీఖున నువ్వు గుమ్మంలో వంగి జుట్టు ముందుకు వేసుకోవడం, అది చెవులు మూసుకుని కేకలు పెట్టడం, చివరికి నువ్వే "ఇంకొన్నాళ్లు నీ దగ్గరే ఉండనీ అమ్మా" అనడం, అన్నీ నేను ముందే చూసి పెట్టుకున్నాను. నువ్వు ఏడిస్తే నీకివ్వాల్సిన మంచినీళ్లు ఏ గ్లాసులో ఇవ్వాలో కూడా అనుకున్నాను.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని మొగ్గలు గిల్లుతున్నాను. నీ అట్టముక్కలో అయిదో సూచన. గువ్వ బొత్తాల డబ్బా పట్టుకుని పరుగెత్తుకొస్తూ గడప తగిలి పడింది. డబ్బా అంచు గడ్డం కింద దిగబడింది. బొత్తాలన్నీ గదంతా పరుచుకున్నాయి, వాటి మీద రక్తం. "అమ్మమ్మా" అని చేతులు చాచింది. నా వైపే చాచింది. నేను ఒక్క అంగలో వెళ్లి గాయం మీద చెయ్యి అదిమాను. ఆ చేతి నిండా ఆకు పసరు.

అది నా మొహం చూసింది, నా చెయ్యి చూసింది. ఒళ్లంతా బిగదీసుకుని, నన్ను తోసేసి, రక్తం కారుతుండగానే మిషను కిందకు పాకింది. ఇనపకాలు కౌగిలించుకుంది. దానికి ముక్కు ఆనించి, "అమ్మమ్మా, అమ్మమ్మా" అని మిషన్ను పట్టుకుని ఏడ్చింది. నేను నేల మీద పడుకుని కిందకు చూస్తూ, "ఇక్కడున్నానే తల్లీ, నేనేనే అమ్మమ్మను" అన్నాను.

"నువ్వు కాదు!" అంది.

కాంపౌండరు గారి భార్య కేకలు విని పైకి వచ్చింది. ఆవిడ చేతులు చాస్తే వెళ్లింది. నేను కత్తిపీట అన్నానే, ఆవిడ చేతుల్లోకి వెళ్లింది. కింద కాంపౌండరు గారి గదిలో గడ్డానికి రెండు కుట్లు పడ్డాయి. నేను గుమ్మం బయట నిలబడ్డాను, లోపలికి రావద్దన్నారు, నన్ను చూస్తే ఇంకా ఏడుస్తోందని. పాతికేళ్లుగా గుడ్డలు కుడుతున్నాను, ఆ రెండు కుట్లు చూడలేకపోయాను.

చేతులు కడిగాను. బట్టల సబ్బు, ఉప్పు, కిరసనాయిలు, మిషను నూనె, అన్నీ అయ్యాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అత్తగారు అంటూ ఉండేది. ఆవిడ ఉంటే ఇప్పుడు ముసిముసిగా నవ్వేది. మొక్కను ముట్టుకుని ఆరు రోజులైంది. అయినా నేను అన్నం ముద్ద పెట్టబోతే గువ్వ ముందు నా వేళ్లు వాసన చూస్తుంది. చూసి మొహం తిప్పుకుని, చెంచాతో తనే తింటానంటుంది. నా పక్కన పడుకోవడం లేదు. మిషను కింద పాత గుడ్డలు పరుచుకుని పడుకుంటోంది. నా చేతుల్లో వాసన నిజంగా ఉందో, అది భయంతో చూస్తోందో నాకు తెలియడం లేదు. నా ముక్కు ఆ వాసనకు ఏనాడో అలవాటుపడిపోయింది.

పశ్చాత్తాపపడి రాస్తున్నాను అనుకోకు. పిల్ల నాకు దక్కి ఉంటే నీకు ఒక్క అక్షరం తెలిసేది కాదు, ఆ విషయంలో నిన్ను మోసం చెయ్యను. కానీ అది ఇప్పుడు నీకూ లేదు, నాకూ లేదు, ఒక ఇనపకాలికి ఉంది. మూడేళ్ల పిల్ల. ఎవరో ఒకరి ఒళ్లో దడుచుకోకుండా నిద్రపోవాలి కదా.

ఈ ఉత్తరం నాలుగు రోజుల్లో నీకు అందుతుంది. అందిన రోజు నుంచి తలకు ఆ ఆకు రాసుకోవడం మానెయ్యి. అక్కడున్న మొక్కను ఎవరికైనా ఇచ్చెయ్యి. జుట్టు రోజూ కడుక్కో, బట్టలన్నీ ఉతుక్కో. గువ్వ దగ్గరకు ఏ వాసనా లేకుండా, ముక్కూ మొహం తెలియని మనిషిలా రా. కొత్త మనిషి అయితే దానికి ఉత్త సిగ్గే వేస్తుంది. అమ్మవని చెప్పకు, అది అడిగినప్పుడు చెప్పు. అడగడానికి ఎన్నాళ్లు పడుతుందో నేను చెప్పలేను. నువ్వు రెండేళ్లు ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకున్నది దీనికోసమే అని నాకు తెలుసు. నీ ఉత్తరాలన్నీ చదివి దాచుకున్నాను, తెలియక చేశానని అనలేను.

మొక్క మాత్రం క్షేమం. ఆరు రోజులుగా గిల్లేవాళ్లు లేక ఇవాళ పూసింది. ఆవగింజంత తెల్లపూలు, కాడ చుట్టూ. పూస్తే వాసన తగ్గుతుందని నువ్వే రాశావు. డబ్బాను ఇప్పుడే కిటికీలోంచి తీసి మెట్ల మీద పెట్టాను, గువ్వ అటు వెళ్లదు.

నువ్వు నన్ను ఎనిమిది ప్రశ్నలు అడిగావు, అన్నిటికీ జవాబు చెప్పాను. నేను ఒక్కటే అడుగుతున్నాను. ఆ మొక్కను ఇన్నేళ్లు పెంచినదానివి, నీకు తెలిసే ఉంటుంది. దాని వాసన చేతుల్లోంచి పోవాలంటే ఏం చెయ్యాలి? నీ అట్టముక్క మొదటి నుంచి చివరి దాకా చదివాను, అది మాత్రం అందులో లేదు.

ఇట్లు,
గువ్వకు అమ్మమ్మ.